వేగం తగ్గితే తప్పు ఇంజన్‌దేనా?

2018 నవంబర్ 16 నుంచి 18 వరకు విజయవాడ పున్నమి ఘాట్ దగ్గర, ప్రకాశం బ్యారేజీ ఎగువన నిలిచిన కృష్ణ నీటి మీద ప్రపంచ స్థాయి పవర్‌బోట్ పోటీ జరిగింది. దాన్ని ఫార్ములా వన్ హెచ్‌టూఓ అంటారు. ఆ పోటీలో దిగే పడవ పొడవు సుమారు 6 మీటర్లు. ఇంజన్‌తో కలిపి బరువు 390 కిలోలు. ఇంజన్ మాత్రమే చూస్తే 118 కిలోలు. అంత చిన్న ఇంజన్ 400 హార్స్‌పవర్ ఇస్తుంది, పడవను 4 సెకండ్లలో వంద కిలోమీటర్ల వేగానికి తీసుకుపోతుంది, తిన్నని దారిలో గంటకు 250 కిలోమీటర్ల దాకా తోస్తుంది. మామిడి తోటల నూజివీడు వైపు నుంచి వెళ్ళి చూసినవాళ్ళు ఆ వేగాన్నీ శబ్దాన్నీ ఇంకా చెప్పుకుంటూనే ఉండవచ్చు. ఆ ఇంజన్ మాత్రం నూజివీడుకు కొత్తది కాదు. అది రెండున్నర లీటర్ల టూ-స్ట్రోక్ ఇంజన్. మామిడి పూత మీద తేనెమంచు పురుగుకు, బూడిద తెగులుకు మందు కొట్టే తైవాన్ స్ప్రేయరులో ఉన్నదీ టూ-స్ట్రోకే. పిస్టన్ ఒకసారి పైకి వెళ్ళి కిందికి వస్తే ఒక పేలుడు. స్ప్రేయరులో ఉన్నది ఒక చిన్న సిలిండరు, అక్కడ ఆరు పెద్దవి. నిమిషానికి 10,500 చుట్లు తిరిగే ఆ ఇంజన్‌లో సెకనుకు 1,050 పేలుళ్ళు జరుగుతాయి. తేడా పరిమాణంలోనూ వేగంలోనూ ఉంది కానీ పనిచేసే సూత్రంలో లేదు. అందుకే ఆ పడవల ఇంజన్లను ఎలా పరీక్షిస్తారు, వాటిలో తప్పును ఎలా పట్టుకుంటారు అన్న విషయం ఈ ప్రాంతపు శ్రోతలకు పనికొచ్చేదని నా నమ్మకం.

ఇంకా ప్రయోగ దశలో ఉన్న వేగపు పడవ అనుకున్నంత పరుగెత్తకపోతే వెంటనే అనుమానం ఇంజన్ మీదకు పోతుంది. హెడ్డు విప్పుతారు, రింగులు చూస్తారు, కార్బరేటర్ కడుగుతారు. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. నీటి మీద ఇంజన్ ఒంటరిగా పనిచేయదు. దానికి పెట్రోలు అందించే గొట్టం, గాలి పీల్చే దారి, చల్లబరిచే నీరు, తోసే పంకా, ఆ తోపును వేగంగా మార్చే పడవ అడుగు, ఇవన్నీ కలిసి ఒకే యంత్రం. తప్పు వీటిలో ఎక్కడైనా ఉండవచ్చు, బయటపడేది మాత్రం ఇంజన్ దగ్గరే. మామిడి కొమ్మ ఎండుతుంటే అనుభవం ఉన్న రైతు ఆ కొమ్మను నరికి ఊరుకోడు, కాండం తొలిచే పురుగు ఉందేమోనని మొదలు దాకా చూస్తాడు. పడవ విషయంలో ఆ చూపును కొలతలు ఇవ్వాలి. కొలతలు తీసుకోకుండా, ఒక్కసారికి ఒక్క మార్పు అన్న నియమం పాటించకుండా ఇంజన్ విప్పడం డబ్బునూ కాలాన్నీ నీళ్ళలో పోయడమే.

దీనికి చరిత్రలో గట్టి సాక్ష్యం ఉంది. ఇంగ్లండ్‌కు చెందిన డొనాల్డ్ క్యాంప్‌బెల్ 1966 చివర్లో కోనిస్టన్ సరస్సు మీద తన బ్లూబర్డ్ కే7 పడవతో గంటకు 300 మైళ్ళు, అంటే 480 కిలోమీటర్ల పైచిలుకు వేగం కోసం ప్రయత్నం మొదలుపెట్టాడు. పాత ఇంజన్ తీసేసి, నాట్ యుద్ధవిమానంలో వాడే ఓర్ఫియస్ జెట్ ఇంజన్ పెట్టాడు. ఆ ఇంజన్ మనకు పరాయిది కాదు. 1965, 1971 యుద్ధాల్లో మన వాయుసేన నడిపిన నాట్‌లకు దాన్ని బెంగళూరులో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ తయారుచేసింది. విమానంలో పేరు తెచ్చుకున్న ఇంజన్ అది. పడవలో పెట్టగానే పాడైంది. పాత ఇంజన్ కంటే ఇది గాలిని చాలా ఎక్కువగా లాగింది. ఆ లాగుడుకు పడవలోని గాలి దారులు తట్టుకోలేక లోపలికి కూలాయి, వాటి ముక్కలు ఇంజన్‌లోకి వెళ్ళి దాన్ని పాడుచేశాయి. ఇంజన్ మార్చారు. డిసెంబర్ మధ్యకు గంటకు 400 కిలోమీటర్లు దాటగలిగారు కానీ పూర్తి శక్తి రాలేదు. ఈసారి తప్పు ఇంధనం అందించే వ్యవస్థలో ఉంది. అందులో మార్పులు చేసి, పంపు కూడా మార్చాక నెలాఖరుకు గానీ ఆ కొరత తీరలేదు. రెండుసార్లూ నింద ఇంజన్ మీద పడే పరిస్థితే, రెండుసార్లూ కారణం దాని బయటే. 1967 జనవరి 4న తొలి పరుగులో 475 కిలోమీటర్లకు పైగా వేగం సాధించిన క్యాంప్‌బెల్, తిరుగు పరుగులో పడవ ముక్కు గాలిలోకి లేచి పల్టీ కొట్టడంతో చనిపోయాడు. ఆ క్షణంలో ఇంజన్ తోపు తగ్గడం కూడా ఒక కారణమా అన్న చర్చ ఆ తర్వాత చాలా జరిగింది. తోపు ఒక్కసారిగా తగ్గితే ముక్కు లేవడం సులువవుతుంది గనుక ఆ ప్రశ్న సహేతుకమైనదే. ఇంజన్‌నూ పడవ నిలకడనూ విడదీసి చూడలేమని ఆ చర్చ వల్లే తెలుస్తుంది.

కొలతలు ఎలా మాట్లాడతాయో ఒక లెక్కతో చెబుతాను, శ్రోతలు కాగితం తీసుకుని వేసుకోవచ్చు. ఒక పడవ పంకా ఒక్క చుట్టు తిరిగితే, జారకుండా ఉంటే, 50 సెంటీమీటర్లు ముందుకు పోవాలి అనుకుందాం. ఇంజన్ రెండు చుట్లు తిరిగితే పంకా ఒక చుట్టు తిరుగుతుంది. ఇంజన్ నిమిషానికి 6,000 చుట్ల మీద ఉంటే పంకా 3,000 చుట్లు. అంటే నిమిషానికి 1,500 మీటర్లు, గంటకు 90 కిలోమీటర్లు. నీరు గట్టి నేల కాదు గనుక పంకా కొంత జారుతుంది. జీపీఎస్‌లో 81 కిలోమీటర్లు కనిపిస్తే జారుడు 10 శాతం, అది ఆరోగ్యంగా ఉన్న పడవ. ఇప్పుడు అదే 6,000 చుట్ల దగ్గర వేగం 63కి పడిపోయిందనుకుందాం. జారుడు 30 శాతానికి పెరిగింది. ఇంజన్ తన చుట్లు తాను తిరుగుతూనే ఉంది, తోపు నీటికి అందడం లేదు. పంకా రెక్క వంగిందా, లోపలి రబ్బరు పట్టు వదిలి జారుతోందా, గుర్రపుడెక్క చుట్టుకుందా, ఇంజన్‌ను మరీ ఎత్తులో బిగించడం వల్ల పంకా గాలిని కలుపుకుని తిరుగుతోందా, చూడవలసినవి ఇవి. అలా కాక చుట్లే 5,000కు తగ్గి, వేగం 67, 68 దగ్గర ఆగితే లెక్క ప్రకారం జారుడు మళ్ళీ 10 శాతమే. పంకా బాగానే ఉంది. ఇంజన్‌కు బలం తగ్గింది, లేదా పడవ బరువెక్కింది. హెడ్డు విప్పేముందు పడవ అడుగున నీరు చేరిందేమో, నాచు పట్టిందేమో చూడాలి. ఒక చుట్ల మీటరు, ఒక ఫోన్‌లోని జీపీఎస్, ఒక గుణకారం, వీటితోనే సగం అనుమానాలు తేలిపోతాయి.

మిగతా సగంలో ఎక్కువ భాగం పెట్రోలుదే. పోటీ పడవ గంటకు దాదాపు 120 లీటర్లు తాగుతుంది, అంటే నిమిషానికి 2 లీటర్లు. అంత ధారలో చిన్న అడ్డు కూడా పెద్ద లోటు. లోటు వచ్చినప్పుడు ఇంజన్ నీరసపడుతుందని చాలామంది అనుకుంటారు, అసలు ప్రమాదం అంతకంటే పెద్దది. ఆయిల్ కలిపిన పెట్రోలుతో నడిచే టూ-స్ట్రోక్‌లో పిస్టన్‌కు నూనె పెట్రోలుతోనే అందుతుంది. పెట్రోలు తగ్గితే మంట వేడెక్కుతుంది, అదే సమయంలో నూనె కూడా తగ్గుతుంది. రెండూ కలిసి పిస్టన్ పట్టేస్తుంది. బయలుదేరిన అయిదారు నిమిషాలకు ఇంజన్ ఆగిపోయి, కాసేపు ఉంచితే మళ్ళీ అందుకుంటే ముందు ట్యాంకు మూత వదులు చేసి చూడాలి. మూతలోని గాలి రంధ్రం మూసుకుంటే లోపల శూన్యం ఏర్పడి పెట్రోలు రాదు. దానికి పైసా ఖర్చు లేదు, అయినా ముందు కార్బరేటరే విప్పుతారు. ఇప్పుడు మన బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వస్తోంది. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. నీరు ఒక హద్దు దాటితే ఆ నీరూ ఇథనాలూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకు చేరతాయి. నూనె పైన పెట్రోలుతోనే ఉండిపోతుంది. గొట్టం పీల్చేది అడుగు నుంచే కాబట్టి ఇంజన్‌కు నూనె లేని ద్రవం అందుతుంది. నది మీద తేమలో ఉండే బోటుకు ఇది నిత్య గండం. సీజన్ అయ్యాక పెట్రోలుతోనే మూల పెట్టిన స్ప్రేయరుకూ అంతే. కొంచెం గాజు సీసాలోకి తీసి గంటసేపు నిలబెడితే పొర విడిందో లేదో కంటికే తెలుస్తుంది.

వేడెక్కడంలోనూ ఇంజన్‌ది కాని తప్పు ఎంతో ఉంటుంది. పడవ వెనక బయట బిగించే ఔట్‌బోర్డు ఇంజన్ తన అడుగున ఉన్న రంధ్రాల గుండా నది నీటినే పీల్చి చల్లబడుతుంది. అది ఎప్పుడు వేడెక్కుతోంది అన్నదే అసలు ప్రశ్న. నెమ్మదిగా నడిపినా, వేగంగా నడిపినా వేడెక్కితే నీటి పంపులోని రబ్బరు చక్రం అరిగిందని అనుమానించాలి. నెమ్మదిలో బాగానే ఉండి వేగంలోనే వేడెక్కితే పడవ ముక్కు లేచినప్పుడు ఆ రంధ్రాలు నీటి పైకి వస్తున్నాయి, లేదా గాలి కలిసిన నురగను పీలుస్తున్నాయి. ఇంజన్ బిగించిన ఎత్తు మార్చాలి, అంతే. కొన్నిచోట్ల మాత్రమే వేడెక్కితే ఆ చోట్ల నీటిలో ఏముందో చూడాలి. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు వాగు పొంగి విజయవాడలోని సింగ్‌నగర్ ప్రాంతాన్ని ముంచినప్పుడు మోటారు బోట్లు ఇళ్ళ మధ్య తిరిగాయి. ఊరి నీటిలో ప్లాస్టిక్ కవర్లు, గుడ్డ పేలికలు, బురద ఉంటాయి. ఒక కవరు ఆ రంధ్రాలకు అతుక్కుంటే కొత్త ఇంజన్ కూడా కొద్ది నిమిషాల్లో మాడుతుంది. ఇంజన్ వెనక సన్నగా చిమ్మే నీటి ధార మీద కన్ను వేసి ఉంచితే ఆ ప్రమాదం ముందే తెలుస్తుంది.

ఇక స్పార్క్ ప్లగ్గు. టూ-స్ట్రోక్ లోపలి సంగతి చెప్పడంలో దానికి మించిన సాక్షి లేదు. కాఫీపొడి రంగు ఉంటే మిశ్రమం సరిగ్గా ఉంది, తెల్లబడితే పెట్రోలు చాలడం లేదు, నల్లగా తడిగా ఉంటే ఎక్కువైంది. కానీ పడవ ఒడ్డుకు నెమ్మదిగా నడిపించుకొచ్చాక తీసిన ప్లగ్గు పూర్తి వేగం గురించి నిజం చెప్పదు, ఆ నెమ్మది నడక దాని రంగు మార్చేస్తుంది. తిన్నని, నిశ్చలమైన నీటి మీద పూర్తి వేగంలో ఉండగా ఇంజన్ ఆపి, పక్కన మరో పడవ ఉంచుకుని, అక్కడికక్కడే ప్లగ్గు తీసి చూడాలి. గాలి సంగతీ మరచిపోకూడదు. 25 డిగ్రీల ఉదయం కంటే 45 డిగ్రీల మే మధ్యాహ్నం గాలి దాదాపు 6 శాతం పలచన. అంత మేరకు ఇంజన్ బలం తగ్గుతుంది, మిశ్రమం చిక్కనవుతుంది. జనవరిలో సరిచేసిన కార్బరేటర్ జెట్టుతో మేలో పరీక్షించి ఇంజన్ చెడిందనడం న్యాయం కాదు. పరీక్ష రాసుకునే పుస్తకంలో ఎండ ఎంతన్నది కూడా ఉండాలి.

కొలతలతో తప్పు వెతికే ఈ పద్ధతికి అభ్యంతరాలున్నాయి. అవి తేలిగ్గా తీసిపారేసేవి కావు. ఒకటి, ఇదంతా నీటి మీద ఎందుకు, ఇంజన్‌ను వర్క్‌షాపులో బల్ల మీద బిగించి పరీక్షిస్తే చాలదా అన్నది. బల్ల మీద ట్యాంకు కదలదు, నీరు ధారాళంగా అందుతుంది, భారం స్థిరంగా ఉంటుంది. నది మీద పడవ అల మీంచి ఎగిరినప్పుడు పంకా రెప్పపాటు గాలిలో తిరుగుతుంది, చుట్లు ఒక్కసారి పైకి ఎగబాకుతాయి. మలుపులో ట్యాంకులోని పెట్రోలు ఒక పక్కకు ఒరిగి గొట్టం గాలి పీలుస్తుంది. ఇవేవీ బల్ల మీద జరగవు. అయినా బల్ల పరీక్ష దండగ అనను. అక్కడ బాగా లాగిన ఇంజన్ నీటి మీద లాగకపోతే తప్పు ఇంజన్ బయట ఉందని రుజువైనట్టే, ఆ పరీక్ష విలువ అదే. పడవ అడుగును కూడా విడిగా పరీక్షించవచ్చు. విశాఖపట్నంలో నౌకాదళానికి పనిచేసే నావల్ సైన్స్ అండ్ టెక్నలాజికల్ లేబొరేటరీలో 500 మీటర్ల పొడవైన నీటి తొట్టి ఉంది. నమూనా పడవలను అందులో లాగి నీరు ఎంత అడ్డుపడుతుందో కొలుస్తారు. ఇంజన్ ఊసు లేకుండానే పడవ గుణం తెలుస్తుంది.

రెండోది, అనుభవం ఉన్న మేస్త్రీ చెవి చాలునన్న వాదన. ఆ చెవి మీద నాకు గౌరవం ఉంది. ఒక సిలిండరు తప్పుతోందని, పిస్టన్ కొట్టుకుంటోందని అది మీటరు కంటే ముందే పడుతుంది. కానీ సెకనుకు వెయ్యి పేలుళ్ళ హోరులో ఇంజన్ 10,000 చుట్ల మీద ఉందా, 10,500 మీద ఉందా అన్నది చెవి నమ్మకంగా చెప్పలేదు. పైగా ఆ జ్ఞానం ఆయనతోనే ఉండిపోతుంది. ఆయన పక్కన పనిచేసే కుర్రాడు రాసిపెట్టిన పేజీ అయితే పదేళ్ళ తర్వాత కూడా మాట్లాడుతుంది. చెవి ప్రశ్న లేవదీయాలి, జవాబు కొలత ఇవ్వాలి.

అన్నిటికంటే బలమైన అభ్యంతరం కాలానిది. పూత మీద మందు కొట్టాల్సిన రోజున స్ప్రేయరు ఆగితే, వరదలో బోటు ఆగితే, ఒక్కొక్క మార్పు చేసుకుంటూ ఎవరు కూర్చుంటారు? ప్లగ్గు, ఫిల్టరు, జెట్టు అన్నీ ఒకేసారి మార్చి పని కానివ్వాలి కదా. ఒప్పుకుంటున్నాను, ఆ రోజున అలాగే చేయాలి. తీసిన భాగాలను మాత్రం పారేయకూడదు. పని తీరాక ఒక్కొక్కటే వెనక్కి బిగించి, ఏది పెడితే ఇంజన్ మళ్ళీ మొరాయిస్తుందో చూడాలి. లేకపోతే కారణం తెలియక, అదే జబ్బు వచ్చే ఏడు తిరిగొస్తుంది. ఒక్క మార్పు నియమానికి హద్దు ఉన్నమాటా నిజమే. కొన్ని తప్పులు జంటగా వస్తాయి. బ్లూబర్డ్‌కు ఇంధన వ్యవస్థలో మార్పులూ కొత్త పంపూ రెండూ కావలసి వచ్చాయి. ఒకటి మార్చితే పూర్తిగా బాగుపడలేదని దాన్ని తిరిగి పాత స్థితికి తెచ్చేయకుండా, ఎంత బాగుపడిందో రాసుకుంటే రెండోది దొరుకుతుంది.

పడవ పోటీలు డబ్బున్నవాళ్ళ వేడుక, మనకెందుకు అనేవారూ ఉన్నారు. విజయవాడ పోటీ మీద పెట్టిన ఖర్చు సబబా కాదా అన్న చర్చ జరగవలసిందే. ఇంజన్ పరీక్ష మాత్రం వేడుక కాదు. 2017 నవంబర్ 12న కృష్ణలో ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం దగ్గర, 2019 సెప్టెంబర్ 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర బోట్లు మునిగి ఎన్ని కుటుంబాలు కుప్పకూలాయో మనకు తెలుసు. ఆ ప్రమాదాలకు ఇంజన్ కారణమని నేను అనడం లేదు. కానీ ప్రవాహంలో ఔట్‌బోర్డు ఇంజన్ ఆగితే పడవకు తోపూ ఉండదు, దారి తిప్పే ఉపాయమూ ఉండదు. ప్రయాణికులను ఎక్కించుకునే ఇంజన్ ఎప్పుడు ఆగుతుందో, ఎందుకు ఆగుతుందో జనం లేని రోజున తెలుసుకుని తీరాలి. పైగా ఈ పని డబ్బున్నవాళ్ళకే సాధ్యమన్నది కూడా నిజం కాదు. ఆస్ట్రేలియాకు చెందిన కెన్ వార్బీ తన ఇంటి పెరట్లో చెక్కతో పడవ కట్టి, సైన్యం వదిలించుకున్న పాత జెట్ ఇంజన్ 65 డాలర్లకు కొన్నాడు. బ్లోయరింగ్ జలాశయం మీద 1977లో గంటకు 464 కిలోమీటర్లు, 1978 అక్టోబర్ 8న 511 కిలోమీటర్లు నడిపాడు. ఆయన 2023లో కన్నుమూశాడు, ఆ రికార్డును ఆయన బతికుండగా ఎవరూ దాటలేదు.

అలాంటి పని మన దగ్గరా మొదలుపెట్టవచ్చు. నూజివీడులో 2008 నుంచి రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం ప్రాంగణం ఉంది. అక్కడ మెకానికల్ చదివే పిల్లలు ఎక్కువమంది పల్లెల నుంచి వచ్చినవాళ్ళే. వాళ్ళ ఉపాధ్యాయులకు నా విన్నపం ఇది. ఒక పాత ఔట్‌బోర్డు ఇంజన్, ఒక చిన్న పడవ సంపాదించండి. లైఫ్ జాకెట్ లేకుండా, మనిషి పడితే ఇంజన్ ఆపే తాడు నడిపేవాడి చేతికి కట్టకుండా ఒక్క పరుగూ తీయవద్దు. చుట్లు, వేగం, వేడి, ప్లగ్గు రంగు, ఆ రోజు ఎండ ఇవన్నీ తెలుగులో రాయించండి. భవానీ ద్వీపానికి బోట్లు నడిపేవారికి, తోటల్లో స్ప్రేయర్లు బాగుచేసే మేస్త్రీలకు ఆ పుస్తకం చూపించి వాళ్ళ మాట కూడా అందులో చేర్చండి. ఈ పరీక్షలకు బ్యారేజీ ఎగువ నీరు డిసెంబర్, జనవరి ఉదయాల్లో చాలినంత నిశ్చలంగా ఉంటుంది. తోటలున్న శ్రోతలు ఈ ఏడు పూతకు ముందు స్ప్రేయరులో నిలవ ఉన్న పెట్రోలు పారబోసి, కొత్తది పోసి, ప్లగ్గు రంగు ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి.